పడిపోయిన తాడి, నా శాంతి పాఠాలు

నేను టెక్కలిలో డిగ్రీ పిల్లలకు ప్రపంచశాంతి బోధిస్తాను. కాపురం పలాసలో. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, రెండు దేశాలు ఎందుకు కొట్టుకుంటాయో, కొట్టుకోకుండా ఎందుకు ఊరుకుంటాయో, ఒక దేశం నలుగురిలో తన మొహం ఎలా చూపించుకోవాలనుకుంటుందో బోర్డు మీద రాసి, సాయంత్రానికి ఇల్లు చేరతాను. చెప్పులు విప్పుతుండగానే మా ఆవిడ, "ఆగేయా యుద్ధాలు?" అని అడుగుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే పలకరింపు. మొదట్లో నవ్వేవాణ్ణి, తర్వాత కోప్పడేవాణ్ణి, ఇప్పుడు "రేపు చూడాలి" అని కాఫీ అందుకుంటాను.

మా విద్యార్థులకు తెలియని సంగతి ఒకటుంది. నేను చెప్పబోయే రోజులనాటికి ఈ శాంతి మేష్టారు తన సొంత అన్నయ్యతో మాట్లాడి నాలుగేళ్ళయింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అనే సామెత నన్ను చూసే పుట్టి ఉంటుంది.

అన్నయ్య పూండి దగ్గర మా ఊళ్ళోనే ఉంటాడు. ఊరికీ సముద్రానికీ మధ్య మా నాన్న వదిలి వెళ్ళిన జీడితోట ఉంది. తోటకు ఉత్తరాన ఒక చేపలవాళ్ళ పేట, దక్షిణాన ఇంకొకటి. నాన్న పోయాక తోట పంచుకున్నాం. సర్వేయరు గొలుసు లాగి చూస్తే, తోట చివర ఇసుకదిబ్బ మీది పెద్ద తాడిచెట్టు సరిగ్గా హద్దు మీదికి వచ్చింది. నాదన్నాను. నాదన్నాడు. ఆ చెట్టు ముంజెలు మేమిద్దరం తిని ముప్పై ఏళ్ళు దాటింది, ఇకముందు తినే ఉద్దేశమూ ఎవరికీ లేదు. అయినా సర్వేయరు ముందు, కూలివాళ్ళ ముందు, "పలాసలో ఫేను కింద కూకునీవోడికి తాడిసెట్టెందుకురా" అని అన్నయ్య అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చి, నా చదువంతా బయటికి తీసి ఒక ఉత్తరం రాశాను. "ఉభయ పక్షాల సమ్మతి లేనిదే హద్దు మీద గడ్డిపోచ కూడా కదపరాదు" అని అందులో ఒక వాక్యం. రాసుకుని నాలుగుసార్లు చదివి మురిసిపోయాను. రైల్లో ఒక్క స్టేషను దూరంలో ఉన్న తోడబుట్టినవాడికి రిజిస్టరు పోస్టు పంపినవాణ్ణి మా వంశంలో నేనే మొదటివాణ్ణి.

అప్పటినుంచి మాటల్లేవు. మా ఆడవాళ్ళిద్దరూ మాత్రం రోజూ ఫోనులో మాట్లాడుకునేవారు. దేశాధినేతలు మొహాలు తిప్పుకున్నా వెనకదారిన రాయబారాలు నడుస్తూనే ఉంటాయని నేను పాఠం చెబుతాను కదా, మా ఇంట్లో ఆ వెనకదారి వంటింట్లోంచి పోయేది. అన్నయ్యకు మోకాలినొప్పి వచ్చిందని నాకు ఆ దారినే తెలిసేది. తెలియనట్టు పేపరు తిరగేసేవాణ్ణి.

ఆ తర్వాత ఒక తుఫాను వచ్చింది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి, మా తాడి కూడా వేళ్ళతో సహా పడింది. అదీ ఎలా పడిందనుకున్నారు, మొదలు హద్దు మీద, మాను సగం నా వాటాలో, సగం అన్నయ్య వాటాలో. నిలబడి ఉన్నంతకాలం నాదంటే నాదన్న చెట్టు, పడ్డాక నీదంటే నీదయింది. ముట్టుకున్నవాడు తగ్గినట్టని ఇద్దరం దాన్ని అక్కడే వదిలేశాం. మాను మీద చెదలు పట్టి, పుట్ట కూడా లేచింది.

ఇక మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ సంగతి చెప్పాలి. దక్షిణపు పేట మనిషి. నా చిన్నప్పుడు తోటకు తట్టతో వచ్చేది, నేను పలాస వచ్చేశాక వెతుక్కుని మరీ ఇక్కడికి రావడం మొదలుపెట్టింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, మావైపు అక్కను పిలిచినట్టు నేను అప్పా అంటాను. ఒక్కగానొక్క కూతుర్ని ఉత్తరపు పేటలో ఇచ్చింది. రెండు పేటలకూ మధ్య ఇసుకలో నడిస్తే రెండు మైళ్ళు.

తుఫాను వచ్చిన మరుసటి ఏడు, వేట నిషేధం ఎత్తేసిన కొద్ది రోజులకు, ఆవిడ మా వరండాలో తట్ట దింపి అలాగే కూర్చుండిపోయింది. చేపలు చూపించలేదు, బేరం మొదలుపెట్టలేదు.

"మా పేటకీ ఆల్ల పేటకీ కట్టుబాటు పడిపోనాది బాబూ," అంది. "వలలు కోసుకున్నారు. ఇకన రాకపోకల్నేవు, మాటల్నేవు. మాటాడినోలు తప్పు కట్టాల. మా గుంటకి ఆరో నెల."

మావైపు మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది. కూతుర్ని పురిటికి తెచ్చుకోలేకపోతే ఆ తల్లి తల ఎక్కడ పెట్టుకుంటుంది? ఫోనులో మాట్లాడుకోవచ్చు కదా అన్నాను. ఫోన్లు కూడా కట్టుబాటులో కలిపేశారట. తల్లీకూతుళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. రోజూ పొద్దున కూతురు ఒక్క రింగిచ్చి పెట్టేస్తుంది. బాగున్నానని అర్థం. తల్లి తిరిగి ఒక్క రింగిస్తుంది. విన్నానని అర్థం. అగ్రరాజ్యాల మధ్య ప్రత్యేకమైన టెలిఫోను ఉంటుందని పుస్తకాల్లో ఉంది, ఇంత చవకగా నడిచే ఏర్పాటు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

"మీరు కాలేజీలో అదే కదేటి సెప్తారంట, కొట్టుకునీవోల్లని ఎలాగ ఆపాలో," అంది ఆవిడ. "ఓపాలి వచ్చి సెప్పండి బాబూ. ఎనిమిదో నెల దాటితే ఆటోలో కుదుపులు పడవు."

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద ఆపిన యుద్ధాలు చాలు, నిజం యుద్ధం ఒకటి చేతికి దొరికింది. ఆ ఆదివారమే చొక్కా ఇస్త్రీ చేయించుకుని, సంచిలో రెండు పుస్తకాలు పెట్టుకుని బయల్దేరాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "మీ అన్నయ్యగారి ఇల్లు దారిలోనే కదా," అంది. వినిపించనట్టు ఆటో ఎక్కాను.

మొదట బలాల సమతూకం ప్రయోగించాను. రెండు పేటలకూ పడవలు ఇంచుమించు సమానం, ఎవరూ ఎవర్నీ గెలవలేరు, కాబట్టి కొట్లాట దండగ అని ఉత్తరపు పేట పెద్దకు చెప్పాను. బట్టతల, తెల్ల మీసాలు, మాట్లాడేటప్పుడు వల అల్లడం ఆపడు. ఓపిగ్గా విని, "సమానవేటి? ఆల్లకి ఎన్నున్నాయో మీరు లెక్కెట్టినారా?" అన్నాడు. నేను అమాయకంగా చెప్పేశాను. వారం తిరిగేసరికి ఆ పేటకు కొత్త ఇంజన్లు వచ్చాయి. పై వారానికి ఇటు పేటకూ వచ్చాయి. బూర్జువా దేశాలని, ఆయుధ వ్యాపారులని క్లాసులో తిట్టేవాణ్ణి, మావాళ్ళకు ఆ పని నేనే ఉచితంగా చేసిపెట్టాను.

తర్వాత పరువు సిద్ధాంతం. దేశానికైనా ఊరికైనా బయట మంచి పేరు ఉండాలి, పేరు పోతే బలమున్నా లాభం లేదని దక్షిణపు పేట రచ్చలో అరగంట మాట్లాడాను. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో వాళ్ళ పెద్ద గొంతు సవరించుకుని, "మా ఉద్దానం పేరు బయట ఏటని సెప్పుకుంటారో మీకు తెల్దా? నీల్లు మంచివి కావు, కిడ్నీలు పోతాయి అనీసి కదా. పలాస నుంచి పెల్లికొచ్చినోలు కూడా సీసాల్తో నీల్లు తెచ్చుకుంటారు. ఇక పోడానికేటున్నాది మాస్టారూ?" అన్నాడు. నా సంచిలో సీసా ఉంది. మూత కనబడకుండా దాన్ని పుస్తకం కిందికి తోశాను. వాళ్ళు నాకు కొబ్బరిబోండం కొట్టి ఇచ్చారు. ఉద్దానంలో అతిథికి ముందు బోండమే ఇస్తారు. మంచినీళ్ళు ఇచ్చి, ఆ అతిథి గ్లాసు వంక చూసి ఆలోచించడం చూడాల్సిన అవసరం రాకుండా. దేశాల పేరుప్రతిష్ఠల గురించి నేను చదివినవాటిలో ఇంత సున్నితమైన పద్ధతి ఎక్కడా కనబడలేదు.

ఇంటికొచ్చి నా నోటు పుస్తకం తెరిచాను. ఎడమపక్క ఉత్తరపు పేట ఫిర్యాదులు, కుడిపక్క దక్షిణపు పేటవి. ఆల్లు గర్విష్టోలు. ఆల్లే ముందు మొదలెట్టినారు. మాం ఎన్నిసార్లు ఓర్సుకున్నామో. రెండువైపులా అవే మాటలు. శత్రువు గురించి ఇద్దరూ ఒకే బొమ్మ గీసుకుంటారనే సిద్ధాంతం కళ్ళెదుట రుజువైనందుకు పొంగిపోయి మా ఆవిడకు చూపించాను. ఆవిడ చదివి, "ఇందులో మీ అన్నదమ్ములవి ఏ పక్క రాశారు?" అంది. భోంచేయకుండా పడుకుందామనుకున్నాను కానీ ఆ పూట కవ్వళ్ళ చేపల పులుసు.

మూడో ప్రయత్నం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అసలు గొడవ ఎక్కడ మొదలైందో అప్పటికి నాకు తెలిసింది. మా తాడిచెట్టు దగ్గర. సముద్రంలోంచి పడమటికి చూస్తే మహేంద్రగిరి శిఖరం కనబడుతుంది. దాని ముందు దిబ్బ మీద మా తాడి. తాడి సరిగ్గా శిఖరం మీద నిలబడితే ఆ పడవ హద్దు మీద ఉన్నట్టు. తాడి కుడికి జరిగితే దక్షిణపు పేట నీళ్ళు, ఎడమకు జరిగితే ఉత్తరపు పేట నీళ్ళు. తాతల నాటినుంచీ అంతే. తాడి పడిపోయాక ఎవరి నీళ్ళు ఎక్కడో ఎవరికీ తెలియలేదు.

ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఫోనులో పటం తెరిచి, శిఖరానికీ తాడి మొదలుకీ తాడు పట్టినట్టు ఒక గీత గీసి, సముద్రంలోకి పొడిగించి, అక్షాంశాలతో సహా రెండు కాగితాల మీద అచ్చు వేయించి రెండు పేటలకూ పంచాను. మూడు రోజుల్లో మళ్ళీ వలలు తెగాయి.

ఉత్తరపు పేట పెద్ద ఈసారి వల పక్కన పెట్టి మరీ చెప్పాడు. "నీల్లడుగున రాల్ల మెరకొకటున్నాది మాస్టారూ, సేపలన్నీ అక్కడే. తాడిసెట్టు గాలికూగీది. మంచు పట్టిన రోజు సరిగా కనబడీది కాదు. ఓ రోజు ఆ మెరక మాదనుకునీవోలం, ఓ రోజు ఆల్లదనుకునీవోలు. ఇద్దరం తిన్నాం. మీ కాయితం ఊగదు. మెరకని పట్టుకెల్లి ఆల్ల పక్కన పెట్టీసినారు."

వందేళ్ళ శాంతి ఒక చెట్టు ఊగడం మీద నిలబడి ఉందని, దాన్ని నేను అంగుళాలతో సహా కొలిచి చంపేశానని అప్పుడర్థమైంది. మనుషులు గొడవ పడకుండా ఉండడానికి కొంచెం తెలియనితనం కూడా కావాలి. ఈ మాట నేను ఇప్పుడు క్లాసులో చెబుతాను, పరీక్షలో మాత్రం అడగను.

"మరేం చేయమంటారు?" అన్నాను.

"అదే దిబ్బ మీద, అదే గోతిలో, ఓ గెడ పాతండి. సరుగుడు దుంగకి వెదురు గెడ కట్టి, పైన గుడ్డ ఎయ్యండి. ఊగాల. మాం సూసుకుంటాం, ఆల్లూ సూసుకుంటారు. ఇద్దరం ఒప్పుకున్నట్టే."

"తప్పకుండా పాతండి. నా అనుమతి ఉంది," అన్నాను పెద్దరికంగా.

అతను మీసాల్లోనే నవ్వాడు. "సగం అనుమతి కదేటి. మీ అన్నయ్యగారిని అడిగినాం. ఆయన గోడకి తగిలించిన ఉత్తరం సూపించినారు. గడ్డిపోచ కూడా కదపకూడదంట. రాసినోడొచ్చి అడిగితే అప్పుడాలోసిస్తానన్నారు."

నా వాక్యాన్ని అన్నయ్య ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. నాలుగేళ్ళుగా ఆ గుమ్మం తొక్కినవాళ్ళందరికీ అది కనబడుతూనే ఉందన్నమాట.

అప్పటికి కూతురికి ఎనిమిదో నెల. నేను చేయాల్సింది ఏమిటో మా వీధిలో కుక్కకు కూడా తెలుసు. ఒక స్టేషను దూరం వెళ్ళి, అన్నయ్యా అని పిలవాలి. అంతే. కానీ పెద్దవాడు తను పిలవాలి కదా, మాట తూలింది తను కదా. కాలేజీలో పరీక్షలన్నాను. వెన్నునొప్పి అన్నాను. అటువైపు నుంచి మొదటి అడుగు పడితే నేను రెండడుగులు వేస్తానని మా ఆవిడ ద్వారా కబురు పంపాను. సరిగ్గా అదే కబురు అటునుంచి కూడా వచ్చింది. ఇరవై రోజులు గడిచాయి.

చేపలావిడ ఒకసారి అడిగింది, రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. మా ఇంటి ముందునుంచే, తట్ట నెత్తిన పెట్టుకుని, తల తిప్పకుండా నడిచి వెళ్ళిపోయింది. పక్కింటి ముందు ఆగి "సేపలమ్మా" అని కేకేసింది. ఎదురింటివాళ్ళకు చందువాలిచ్చింది. నా మీద కట్టుబాటు పడిందని నాకు అర్థం కావడానికి రెండు వారాల ఆనపకాయ కూర పట్టింది. మా ఆవిడ రోజూ అదే వండింది. ఆర్థిక ఆంక్షలు పనిచేస్తాయా లేదా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. వాళ్ళను మా ఇంట్లో వారం భోజనానికి పిలవాలి.

ఒక ఆదివారం పొద్దున పాసింజరు ఎక్కి పూండిలో దిగాను. దారిపొడవునా మొదటి వాక్యం తయారు చేసుకున్నాను. గతాన్ని పక్కన పెట్టి, మానవతా దృష్టితో, అని మొదలవుతుంది. అన్నయ్య తోటలోనే ఉన్నాడు, పడిపోయిన తాడి మాను మీద తన వాటా వైపు కూర్చుని మోకాలు రాసుకుంటున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఆ సంగతి వెనకదారి రాయబారంలో నాకు ఎవరూ చెప్పలేదు. నేను వెళ్ళి నా వాటా వైపు కూర్చున్నాను. వాక్యం ఎటు పోయిందో, గుర్తు రాలేదు.

"అన్నయ్యా," అన్నాను.

అతను మోకాలు రాసుకోవడం ఆపాడు.

"తిన్నావేటి?" అన్నాడు.

అంతే. నాలుగేళ్ళు. ఏడ్చానని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

మర్నాడే రెండు పేటలవాళ్ళూ వచ్చి మానును పక్కకు దొర్లించారు. గుడ్డ ఏ రంగుదన్న దగ్గర కాసేపు పేచీ వచ్చింది, ప్రతి రంగూ ఏదో ఒక పార్టీది. చివరికి మా వదిన పాత పువ్వుల చీర కట్టారు. గెడ లేచి నిలబడింది, గాలికి ఊగింది. తెప్ప మీద లోపలికి వెళ్ళి చూసి వచ్చినవాడు బాగుందని చెయ్యూపాడు. పెద్దలిద్దరూ ఒకే బోండంలో నీళ్ళు తాగి, కట్టుబాటు తీసేశామన్నారు. నేను దిబ్బ మీద నిలబడి, ఇంతటివాణ్ణి ప్రపంచం ఎందుకు పిలవట్లేదా అన్నట్టు చూస్తున్నాను.

అప్పుడే ఉత్తరపు పేట మనిషొకతె చేపలావిడ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేసింది. "నీకు మనవరాలప్పా. లక్ష్మివారం పుట్టినాది. నెల తక్కువ. ఇద్దరూ కులాసా," అంది. లక్ష్మివారమంటే నాలుగు రోజుల కిందట. చేపలావిడ తట్ట అక్కడే వదిలేసి ఇసుకలో ఉత్తరానికి నడవడం మొదలుపెట్టింది. ఆ తట్ట నేను, అన్నయ్య చెరోపక్కా పట్టుకుని ఊళ్ళో ఇంటికి తెచ్చాం.

పదిహేను రోజులకు మా గుమ్మం ముందు "సేపలమ్మా" అన్న కేక వినబడింది. నేనే పరుగెత్తి తలుపు తీశాను. ఆవిడ తట్ట దింపి, కానాగంత చేపలు ఏరుతూ, మామూలు గొంతుతోనే చెప్పింది.

"లక్ష్మివారం పొద్దున రింగు రానేదు బాబూ. ఫోన్లో సార్జీ అయిపోనాదేమో అనుకున్నాను. ఆ గుంటని పలాస ఆసుపత్రికే తెచ్చినారంట. అమ్మా అమ్మా అనీసి ఒకటే కేకలంట. నాను ఆ పూట మీ వీదిలోనే ఉన్నాను, సేపలమ్ముతన్నాను. నాలుగు వీదుల దూరం. మీ ఇల్లు దాటీసి ఎల్లిపోనాను."

నా ఇరవై రోజులు ఎక్కడికి పోయాయో ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. లోపల మా ఆవిడ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

ఆవిడ చేపలు గిన్నెలో వేసింది. రెండు ఎక్కువే వేసింది. తట్ట ఎత్తుకోవడానికి చెయ్యి సాయం పట్టమంటే పట్టాను. మెట్లు దిగి, వెనక్కి తిరిగి నా వంక చూసింది. నవ్వుతోందో లేదో చెప్పలేను.

"రెండో పురుటి దాకా ఆ గెడ పడిపోకుండా సూడండి మీ అన్నదమ్ములు," అంది.

ఇప్పుడు గాలి కాస్త గట్టిగా వీచినా, వాన చినుకు పడినా, నేను అన్నయ్యకు ఫోను చేస్తాను. ఉందా అంటాను. ఉంది అంటాడు.